రోస్ట్: చేపపై నిలిచిన ద్వీపము

నార్వే దేశపు పటమును తెరచి, దాని పొడవైన తీరమును దక్షిణమునుండి ఉత్తరమునకు అనుసరించినచో, ఆర్కిటిక్ వృత్తమును దాటిన కొద్ది దూరములో లోఫోటెన్ అను ద్వీపమాలిక కనిపించును. ప్రధాన భూభాగమునుండి నైఋతి దిక్కుగా సముద్రములోనికి చాచిన చేయివలె అది ఉండును. ఆ చేతి వ్రేళ్ల కొసకు కూడ అవతల, నడిసముద్రమున, చుక్కలు చుక్కలుగా కొన్ని దీవులు గుర్తింపబడి యుండును. వానికే రోస్ట్ అని పేరు. అక్కడ ధాన్యము పండదు, అడవి లేదు, గనులు లేవు. అయినను అక్కడ మనుష్యులు తరతరములుగా కాపురముండి, తమకు కావలసిన ధాన్యమును, బట్టను, ఇనుమును దూరదేశములనుండి తెప్పించుకొనగలిగిరి. ఇది ఎట్లు సాధ్యమైనది? ఈ ప్రశ్నకు సమాధానము ఆ నేలపై దొరకదు. ఆ నేలను ఒరసికొని ప్రవహించు నీటిలో వెదకవలెను.

ఉనికి – స్వరూపము

రోస్ట్ ఉత్తర అక్షాంశము 67½ డిగ్రీల వద్ద, బోడో పట్టణమునకు పశ్చిమముగా సుమారు 100 కిలోమీటర్ల దూరమున ఉన్నది. చిన్నవి పెద్దవి కలిపి ఇక్కడ 365 దీవులున్నవనియు, సంవత్సరమునకు ఎన్ని దినములో అన్ని దీవులనియు అక్కడివారు చెప్పుకొందురు. వీనిలో జనులు నివసించు ముఖ్య ద్వీపము రోస్ట్‌లాండెట్. దాని వైశాల్యము నాలుగు చదరపు కిలోమీటర్లకు లోపే. సముద్రమట్టమునకు 12 మీటర్లకు మించిన ఎత్తు దానిపై లేదు. తుపాను వేళ దూరమునుండి చూచువారికి ఇండ్లు నీటిపై తేలుచున్నట్లే కనిపించును. నేటి జనసంఖ్య సుమారు 500.

నార్వే తీరము పొడవునను సముద్రమట్టమునకు కొంచెము పైకిని, కొంచెము క్రిందికిని వ్యాపించిన ఒక చదునైన శిలావేదిక కలదు. కొండలు తెగిపోయి కడలిలో కలియుచోట ఈ వేదిక ఏర్పడినది. రోస్ట్‌లాండెట్ ఈ వేదికలో నీటిపైకి తేలిన తునక మాత్రమే. అయితే దానికి నైఋతి దిక్కున దృశ్యము పూర్తిగా మారిపోవును. వెడోయా, స్టోర్‌ఫ్యెల్లెట్, హెర్నీకెన్ మొదలైన దీవులు నీటిలోనుండి నిట్టనిలువుగా లేచిన కొండలు. స్టోర్‌ఫ్యెల్లెట్ ఎత్తు 259 మీటర్లు. వీనిపై మనుష్యులు ఉండరు. ఇవి సముద్రపక్షుల నివాసములు. ఈ వరుసకు చివర, బహిస్సముద్రమునకు ఎదురుగా, స్కోమ్‌వేర్ అను చిన్న దీవి ఉన్నది.

శీతము తగ్గిన శీతమండలము

సైబీరియాలోని వెర్ఖొయాన్‌స్క్ పట్టణము కూడ సరిగా ఇదే అక్షాంశమున ఉన్నది. అక్కడ జనవరి మాసపు సగటు ఉష్ణోగ్రత సున్నకు క్రింద సుమారు 45 సెంటిగ్రేడు డిగ్రీలు. రోస్ట్‌లోనో, జనవరి ఫిబ్రవరి మాసములలో కూడ సగటు ఉష్ణోగ్రత సున్నకు ఒకటి రెండు డిగ్రీలు పైననే ఉండును. సూర్యుని ఏటవాలు రెండుచోట్లను ఒకటే; డిసెంబరు మధ్యలో కొన్ని దినములు సూర్యుడు ఉదయింపకపోవుటయు, వేసవిలో కొన్ని వారములు అస్తమింపకపోవుటయు రెండుచోట్లను ఒకటే. అయినను శీతాకాలపు చలిలో దాదాపు 47 డిగ్రీల తేడా కలిగినది.

దీనికి కారణము సముద్రము. అట్లాంటిక్ మహాసముద్రపు ఉష్ణప్రదేశములనుండి బయలుదేరిన వెచ్చని నీరు ఈశాన్యముగా ప్రయాణించి నార్వే తీరమును ఒరసికొనుచు ఉత్తరమునకు పోవును. నీరు ఉష్ణమును నెమ్మదిగా గ్రహించి నెమ్మదిగా విడుచును. శీతాకాలమున ఈ నీటిపైనుండి వీచు నైఋతి గాలులు ఆ వెచ్చదనమును తీరమునకు మోసికొనివచ్చును. నాలుగు ప్రక్కల నీరే ఉన్న రోస్ట్‌కు ఈ మేలు పూర్తిగా దక్కినది. వేసవిలో అదే నీరు వేడిమిని అణచును గనుక జూలై ఆగస్టులలో కూడ అక్కడ సగటు సుమారు 11, 12 డిగ్రీలే. పైరులు పండుటకు ఇది చాలదు. కాని మరియొక పనికి ఈ వాతావరణము అతికినట్లు సరిపోయినది.

అతిథిగా వచ్చు చేప

లోఫోటెన్‌కు ఉత్తరముగా, సుదూరమున, బారెంట్స్ సముద్రమున్నది. అక్కడ కాడ్ అను చేప పెరుగును. ఆరేడు సంవత్సరముల వయస్సు వచ్చిన పిమ్మట ఈ చేపలు గుంపులు గుంపులుగా వందల కిలోమీటర్లు దక్షిణమునకు ఈదుకొనుచు శీతాకాలమున లోఫోటెన్ తీరమునకు వచ్చును. తీరమునకు సమీపమున పైన చల్లని నీరును, క్రింద అట్లాంటిక్ నుండి వచ్చిన వెచ్చని నీరును పొరలుగా ఉండును. ఈ రెండును కలియుచోట, 4 నుండి 6 డిగ్రీల వేడిగల నీటిలో, ఫిబ్రవరి మొదలు ఏప్రిలు వరకు ఇవి గ్రుడ్లు పెట్టును. ఒక్కొక్క ఆడచేప లక్షల కొలది గ్రుడ్లు విడుచును. రెండు మూడు వారములలో అవి పగిలి పిల్లలు వెలువడును. ఆ పిల్లలకు ఎదురీదు శక్తి లేదు. ప్రవాహము వానిని తీసికొనిపోయి తిరిగి బారెంట్స్ సముద్రమునకు చేర్చును. రోస్ట్ వాసులు పట్టునది ఈ బాటసారి చేపనే. అది అక్కడ పుట్టినను అక్కడ పెరుగదు. ఏటేటా శీతాకాలపు అతిథి.

ఉప్పులేని ఎండుచేప

పట్టిన చేపను నిలువ చేయుట వేరొక సమస్య. మన తీరములలో చేపను ఉప్పు పట్టించి ఎండబెట్టుదురు. ఉష్ణదేశములో ఉప్పు లేకున్నచో ఎండుటకు ముందే చేప కుళ్లును. రోస్ట్‌లో ఉప్పు అక్కరలేదు. తల తీసి, ప్రేగులు తొలగించి, రెండేసి చేపలను తోకల వద్ద కట్టి, కర్రలతో నిర్మించిన ఎత్తైన దండెములపై వ్రేలాడదీయుదురు. ఫిబ్రవరినుండి మే, జూన్ వరకు అవి గాలికి ఆరును. తరువాత లోపలికి తెచ్చి మరికొన్ని వారములు నిలువయుంచుదురు.

ఇందలి రహస్యము ఉష్ణోగ్రతలో ఉన్నది. చేపను చెరచునవి సూక్ష్మజీవులు. వానికి వెచ్చదనము, నీరు రెండును కావలెను. ఉష్ణోగ్రత సున్నకు కొంచెము పైన ఉన్నపుడు అవి మిక్కిలి మందగించును. ఈలోగా గాలి చేపలోని నీటిని లాగివేయును. వసంతము వచ్చి వేడి పెరుగునప్పటికి, ఈగలు ముసురునప్పటికి, చేప గట్టిపడి యుండును. సూక్ష్మజీవులకు కావలసిన నీరు అందులో మిగులదు. చలి మరీ తీవ్రమైనచో మాంసములోని నీరు గడ్డకట్టి కణములను చీల్చి చేపను పాడుచేయును. చలి చాలనిచో కుళ్లును. ఈ రెండింటి నడుమనున్న ఇరుకైన దారిలో రోస్ట్ శీతాకాలము నడచుచున్నది.

పచ్చి కాడ్‌లో నూటికి సుమారు 80 పాళ్లు నీరు; ఎండినదానిలో సుమారు 15 పాళ్లే. బరువు అయిదవ వంతుకు తగ్గును. మిగిలినదానిలో అధికభాగము మాంసకృత్తులే. కట్టెవలె గట్టిగా ఉండు ఈ చేప ఏండ్ల తరబడి చెడదు. నానబెట్టినచో తిరిగి మెత్తబడును. తేలికగా మోయదగినది, నిలువయుండునది, పుష్టినిచ్చునది అయిన ఇట్టి ఆహారము ఓడ ప్రయాణములకు, దూరదేశపు అంగళ్లకు ఎంత అనుకూలమో వేరుగా చెప్పనక్కరలేదు. ఎండిన చేపలను రంగు, వాసన, పొడవు, మచ్చలను బట్టి తరగతులుగా విభజించు నిపుణులు నేటికిని లోఫోటెన్‌లో ఉన్నారు.

బెర్గెన్ త్రాసు

ఈ వర్తకము ఎంత ప్రాచీనమో ఇటీవలి పరిశోధన ఒకటి తెలిపినది. నేటి ఉత్తర జర్మనీలో హైతబు అను వైకింగుల కాలపు రేవు ఉండెను. క్రీ. శ. 800, 1066 నడిమి కాలమునకు చెందిన కాడ్ ఎముకలు అక్కడ త్రవ్వకములలో దొరకినవి. వానిలోని డి.ఎన్.ఎ.ను పరీక్షించి, ఆ చేపలు ఉత్తర నార్వే దాటి ఆర్కిటిక్ జలములలో తిరుగు జాతివని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అనగా ఉత్తరపు చేప వేయి సంవత్సరములకు పూర్వమే వందల కోసుల దూరములోని అంగళ్లకు చేరుచుండెను.

తరువాతి శతాబ్దములలో ఈ వర్తకమంతయు నార్వే పశ్చిమతీరమందలి బెర్గెన్ నగరముద్వారా నడచెను. 14వ శతాబ్దమున హాన్సా సంఘమునకు చెందిన జర్మన్ వర్తకులు అక్కడ స్థావరమేర్పరచుకొనిరి. వారు ధాన్యము తెచ్చిరి, ఎండుచేప కొనిపోయిరి. లోఫోటెన్ జాలరులు వేసవిలో ఓడలలో చేప నింపుకొని బెర్గెన్‌కు పోయి ధాన్యము, వస్త్రము, ఇనుపసామాను తెచ్చుకొనెడివారు. చేపయే వారి నాణెము. అయితే త్రాసు పట్టుకొన్నవాడు వర్తకుడు. రాబోవు ఏటి చేపపై ముందుగా అప్పునకు ధాన్యమిచ్చుటచే జాలరి కుటుంబములు తరములకొలది వర్తకునకు ఋణపడి యుండెడివి. చేప రాని సంవత్సరము ఆ అప్పు పెరిగెడిది.

వెనిస్ నావికులు

15వ శతాబ్దములో ఈ ద్వీపమునుగూర్చి ఒక అపూర్వమైన సాక్ష్యము లభించినది. అది ఒక ఓడప్రమాదము వలన కలిగినది. వెనిస్ నగరపు వర్తకుడైన పియెట్రో క్వెరీని 1431 ఏప్రిలులో క్రీటు ద్వీపమందలి కాండియానుండి ద్రాక్షాసారాయి పీపాలు, సుగంధద్రవ్యములు, ప్రత్తి నింపుకొని ఫ్లాండర్స్ దేశమునకు బయలుదేరెను. ఓడలో 68 మంది ఉండిరి. స్పెయిను వాయవ్యపు కొసను దాటుచుండగా తుపానులు చెలరేగినవి; చుక్కాని పోయినది; ఓడ గాలివాటున పశ్చిమమునకు, ఉత్తరమునకు కొట్టుకొనిపోయినది. డిసెంబరులో ఓడను విడిచి రెండు పడవలలో ఎక్కిరి. చిన్న పడవ, అందలి 21 మందితో, మరల కనబడలేదు. పెద్ద పడవలో 47 మంది ఎక్కిరి. ఆకలి, దప్పి, చలి వారిలో అనేకులను చంపినవి. 1432 జనవరిలో పడవ ఒక మంచుకప్పిన దీవికి తగిలినప్పుడు బ్రతికియున్నవారు 16 మందియే.

ఆ దీవి రోస్ట్‌లోని సాండోయా. అక్కడ జనులు లేరు. గుల్లలు ఏరుకొని, ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఒక పెద్ద చేపను తిని వారు కొన్ని వారములు గడపిరి. చివరకు ఒక జాలరి తన కుమారులతో పడవలో వచ్చి వీరిని కనుగొనెను. బ్రతికి బయటపడినవారు 11 మంది. రోస్ట్ వాసులు వీరిని తమ ఇండ్లకు తీసికొనిపోయి, నాలుగు మాసములకు దగ్గరగా పోషించిరి. అప్పటికి ద్వీపమందు 120 మంది ఉండిరని క్వెరీని వ్రాసెను. వారు ఉప్పు లేకుండ గాలికి చేప నెండబెట్టుట, అది కట్టెవలె గట్టిపడుట, దానిని గొడ్డలి వెనుకభాగముతో మోది మెత్తపరచి వెన్నతో వండుకొనుట, దానినే నాణెముగా చెల్లించుట – ఇవన్నియు అతడు వివరముగా తెలిపెను. ఇండ్లకు తాళములు వేయని ఆ ప్రజల నిజాయితీ అతనిని ఆశ్చర్యపరచినది.

మే మాసమున ఎండుచేప కొనిపోవు ఓడలోనే వీరును బయలుదేరి, ట్రాండ్‌హైమ్ చేరి, అచ్చటినుండి భూమార్గమున స్వీడన్ దాటి, కొందరు లండన్ మీదుగా స్వదేశము చేరిరి. క్వెరీని యొక్క కథనమును, అతని నావికులైన ఫియొరవాంతె, మిఖియేల్ అనువారి కథనమును రమూసియో అను పండితుడు తన యాత్రాసంకలనములో చేర్చగా 1559లో అవి అచ్చయినవి. ఒక మారుమూల జాలరిపల్లె దైనందిన జీవితమునుగూర్చి ఆ కాలమున ఇంత వివరముగా వ్రాసిన గ్రంథములు అరుదు. రోస్ట్ ఎండుచేపకు నేటికిని ముఖ్యమైన కొనుగోలుదారు ఇటలీయే. ఆ రుచిని ఇటలీకి తెచ్చినది క్వెరీనియే అని వెనిస్ ప్రాంతపు సంప్రదాయము. తలలు మాత్రము ఎండిన తరువాత ఆఫ్రికాలోని నైజీరియాకు పోవును. అక్కడ పులుసులో వానికి గొప్ప గిరాకి.

దీపము – తంతి – నిస్తంతి

19వ శతాబ్దములో శాస్త్రము ఈ ద్వీపమును మెల్లగా లోకమునకు ముడివేసినది. 1861లో లోఫోటెన్ జాలరిపల్లెలను కలుపు తంతిమార్గము ఏర్పడినది. చేపలగుంపు ఎక్కడ కనబడినదో గంటలలో తెలిసినచో వేల పడవలు సరియైన చోటికి పోగలవు. జాలరికి వార్త కూడ వలవంటి సాధనమే. 1887లో స్కోమ్‌వేర్‌పై ఇనుప దీపస్తంభము వెలిసినది. చిత్రకారుడు థియొడోర్ కిట్టెల్సెన్ ఆ దీపస్తంభమువద్ద రెండేండ్లు నివసించి ఆ సముద్రమును, పక్షులను చిత్రించెను. 1978 నుండి అక్కడ కాపలాదారులు లేరు. దీపము దానంతట అదే పనిచేయుచున్నది.

మార్కోని అట్లాంటిక్‌ను దాటించి సంకేతము పంపినది 1901లో. అయిదేండ్లకే, 1906లో, లోఫోటెన్‌లోని సోర్‌వాగెన్‌కును రోస్ట్‌కును నడుమ నిస్తంతి వార్తాసౌకర్యము ప్రారంభమైనది. ఉత్తర ఐరోపాలో ఇదియే మొదటిది. మహానగరములకంటె ముందు జాలరిదీవికి నిస్తంతి వచ్చుట విచిత్రముగా తోచవచ్చును. కాని ఉద్ధృతమైన ప్రవాహముల నడుమనున్న దీవికే అది ఎక్కువ అవసరము.

చేప ఏల రాదు?

అయినను ముఖ్యమైన ప్రశ్న మిగిలియే ఉండెను. ఒక ఏడు చేప విరివిగా పడును. ఒక ఏడు పడదు. ఏల? నార్వే ప్రభుత్వము ఈ ప్రశ్నను యువశాస్త్రజ్ఞుడైన జి. ఓ. సార్స్‌కు అప్పగించెను. చేపలు గ్రుడ్లను సముద్రపు అడుగున పెట్టునని నాటి నమ్మకము. సార్స్ 1864, 1865 సంవత్సరములలో లోఫోటెన్‌లో పరిశీలించి, కాడ్ గ్రుడ్లు అడుగున ఉండవనియు, నీటి పైభాగమున తేలుచు ప్రవాహముతో పోవుననియు కనుగొనెను. దీనితో చేప భవిష్యత్తు గాలికిని ప్రవాహమునకును అధీనమని తేలినది.

తరువాత యోహాన్ యోర్ట్ చేపల పొలుసులపై, చెట్టు మ్రానులోని వలయములవలె, ఏటికొక వలయము ఉండుటను ఉపయోగించుకొని వాని వయస్సులను లెక్కించెను. 1904లో పుట్టిన హెర్రింగ్ చేపలే తరువాతి అనేక సంవత్సరములు జాలరుల వలలలో అధికసంఖ్యలో కనబడినవి. చేపల సమృద్ధి పెద్దచేపల రాకపోకలకంటె, ఏ సంవత్సరమున పిల్లలు ఎన్ని బ్రతికినవను దానిపై ఆధారపడునని అతడు 1914లో ప్రకటించెను. పిల్లచేప మొదటి వారములలో ఆహారము దొరకక చచ్చినచో, ఆ లోటు అయిదారేండ్ల తరువాత జాలరి ఇంటికి వచ్చును. నేటి మత్స్యశాస్త్రమునకు ఇది ఒక పునాది.

పక్షులు చెప్పిన సాక్ష్యము

ఈ సిద్ధాంతమునకు విషాదకరమైన నిదర్శనము రోస్ట్ కొండలపైననే లభించినది. అక్కడ పఫిన్ అను పక్షి నేలలో బొరియలు చేసికొని గూడు కట్టును. రంగురంగుల వెడల్పైన ముక్కుగల ఈ పక్షి ఏటికి ఒకే గ్రుడ్డు పెట్టును. పిల్లకు ముఖ్యముగా ఆ ఏడు పుట్టిన చిన్న హెర్రింగ్‌లను తెచ్చి పెట్టును. హెర్రింగ్ దక్షిణపు తీరమున గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలు ప్రవాహముతో ఉత్తరమునకు పోవుచు వేసవిలో రోస్ట్ ప్రక్కగా సాగును. పఫిన్ తన పిల్ల పొదుగు కాలమును ఈ రాకతో సరిపుచ్చుకొన్నది.

1950 ప్రాంతమున ఈ జాతి హెర్రింగ్ కోటి టన్నులకు పైగా ఉండెను. చేపలగుంపులను శబ్దతరంగములతో కనిపెట్టు యంత్రములు, పెద్ద వలలను లాగు మరలు వచ్చిన తరువాత వేట మితిమీరినది. 1970 నాటికి ఆ జాతి దాదాపు నాశనమైనది. జాలరులు వేరు చేపకు మరలిరి. పఫిన్‌కు అట్టి వీలు లేదు. అనేక సంవత్సరములు రోస్ట్ బొరియలలో పిల్లలు ఆకలితో చచ్చినవి. అయినను పక్షుల సంఖ్య వెంటనే తగ్గలేదు. పఫిన్ ఇరువది ముప్పదేండ్లు జీవించును గనుక, ముసలి పక్షులు ఏటేటా తిరిగివచ్చుచునే ఉండెను. కొండలు నిండుగానే కనబడినవి. కాని క్రొత్త తరము లేదు. 1979లో సుమారు 14 లక్షల జంటలుండగా, 2015 నాటికి 3 లక్షల జంటలు కూడ లేవు. వేట నిషేధములవలనను, 1983లో పుట్టిన తరము బలమైనదగుటవలనను హెర్రింగ్ కోలుకొన్నది. అయినను రోస్ట్ ప్రక్కగా సాగు పిల్లచేపలు చాలని సంవత్సరములే తరువాత కూడ ఎక్కువగా వచ్చినవి. సముద్రము వేడెక్కుట ఇందుకు ఎంతవరకు కారణమో శాస్త్రజ్ఞులు పరిశోధించుచున్నారు.

2002లో రోస్ట్‌కు పశ్చిమమున, ఖండపు అంచున, 300 నుండి 400 మీటర్ల లోతులో శీతజలపు పగడపు దిబ్బ ఒకటి కనుగొనబడినది. దాని పొడవు సుమారు 40 కిలోమీటర్లు. ఇట్టి దిబ్బలలో అప్పటికి తెలిసినవానిలో ఇదియే పెద్దది. అడుగును గీకుచు పోవు వలలవలన అది చెడకుండునట్లు 2003లోనే నార్వే ప్రభుత్వము అక్కడ అట్టి వేటను నిషేధించినది. హెర్రింగ్ విషయమున ఆలస్యముగా నేర్చిన పాఠము ఇక్కడ వెంటనే ఉపయోగపడినది.

ముందు కాలము

కాడ్ విషయమున నార్వే, రష్యా దేశములు కలిసి ఏటేటా ఎంత పట్టవచ్చునో నిర్ణయించుచున్నవి. బారెంట్స్ సముద్రపు కాడ్‌కు 2021లో ఈ పరిమితి 8,85,600 టన్నులు; 2025లో 3,40,000 టన్నులు మాత్రమే. బలమైన తరములు పుట్టకపోవుటచే వేటను ఇట్లు తగ్గింపవలసి వచ్చినది. యోర్ట్ చూపిన లెక్కయే ఇందును పనిచేయుచున్నది. ఇక శీతాకాలము మరికొన్ని డిగ్రీలు వెచ్చనైనచో, ఉప్పులేకుండ చేప నెండబెట్టు ఆ ఇరుకైన దారి మరింత ఇరుకగును.

పియెట్రో క్వెరీని చూచిన దండెములు నేటికిని రోస్ట్‌లో ఉన్నవి. ప్రతి ఫిబ్రవరిలోను వానిపై జంటలు జంటలుగా కాడ్ వ్రేలాడును. ఆ చేప ఎక్కడనో పుట్టిన ఆహారముతో, ఎక్కడనుండియో వచ్చిన నీటితో పెరిగి, కొన్ని వారములు మాత్రమే అక్కడ నిలుచును. ఆ కొన్ని వారములలో ఎంత పట్టవలెనో, ఎంత విడువవలెనో తెలిసికొనుటపైననే ఆ ద్వీపపు బ్రతుకు ఆధారపడియున్నది. దండెములు నిండినంత మాత్రమున సముద్రము నిండియున్నదని తలంపరాదు. పఫిన్ కొండలు కూడ చాలకాలము నిండుగానే కనబడెను.